95 కొట్టిస్తే మైలేజీ పెరుగుతుందా?

విజయవాడ,
16-11-2025.

చి. సింధుకు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నువ్వు వాట్సాప్‌లో అడిగినదానికి అక్కడే జవాబిద్దామని మొదలుపెట్టాను గానీ, వేలితో పొడుచుకుంటూ ఇంత సంగతి రాయడం నా వల్ల కాలేదు. నువ్వూ తీరిగ్గా చదువుకుంటావని కాగితం తీశాను.

నువ్వు చెప్పింది ఇదీ. బంకులో కుర్రాడు "ప్రీమియం కొట్టమంటారా మేడమ్, మైలేజీ బాగా వస్తుంది" అన్నాడు. లీటరుకి ఎనిమిది రూపాయలు ఎక్కువైనా సరేనని 95 ఆక్టేన్ ఫుల్ ట్యాంక్ చేయించావు. రోజూ 14 చూపించే డిస్‌ప్లే మా వాకిట్లోకి వచ్చేసరికి 19 చూపించింది. ఇక ఎప్పుడూ అదే కొట్టించనా అని అడిగావు.

వద్దమ్మా. నీ బండికి అది అక్కర్లేదు. నీకు కనిపించిన ఆ అయిదు కిలోమీటర్లు ఇచ్చింది పెట్రోలు కాదు, రోడ్డు.

రోజూ నువ్వు తోలేది మియాపూర్ నుంచి గచ్చిబౌలికి. ఫస్టు గేరు, సెకండు గేరు, బ్రేకు, మళ్లీ ఫస్టు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నంతసేపూ ఇంజన్ తాగుతూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు. ఆ నిమిషాల్లో మైలేజీ అంటే సున్నా. కష్టపడి నలభైకి ఎక్కించిన వేగాన్ని ముందున్న ఆటో చూసి బ్రేకు మీద పోగొడతావు. అలా పోయినదంతా పెట్రోలే. మొన్న నువ్వొచ్చిన దారి అలాంటిది కాదు. చౌటుప్పల్ దాటాక టాప్ గేరులో ఎనభై మీద పెట్టి సూర్యాపేట దాకా తోలావు, టీ తాగావు, కోదాడ, నందిగామ మీదుగా వచ్చేశావు. టోల్ గేట్ల దగ్గర తప్ప బ్రేకు మీద కాలు పెట్టే పని పెద్దగా ఉండదు. మామూలు పెట్రోలుతో వచ్చినా నీ డిస్‌ప్లే అటూ ఇటూగా అంతే చూపించేది. ఈసారి వచ్చేటప్పుడు మామూలుది కొట్టించి చూడు, అదే వేగంలో రా. నా మాట నమ్మనక్కర్లేదు, బండే చెబుతుంది.

ఇప్పుడు ఆక్టేన్ సంగతి. నీ ఇంజనీరింగ్ కంప్యూటర్లదే అయినా ఇది నీకు ఇట్టే అర్థమవుతుంది.

సిలిండరులోకి గాలీ పెట్రోలూ కలిసి వస్తాయి. పిస్టన్ పైకి లేచి ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. సరిగ్గా ఎంత నొక్కాలో అంత నొక్కే వేళకి ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. మంట ప్లగ్గు దగ్గర పుట్టి వరసగా అవతలి గోడ దాకా పాకుతుంది. ఆ పాకే మంట పిస్టన్‌ని నెమ్మదిగా, బలంగా కిందికి తోస్తుంది. ఇది బాగా జరిగే సంగతి. బాగా జరగనిది ఏమిటంటే, మంట ఇంకా అక్కడి దాకా రాకముందే, అవతలి మూల ఉన్న మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. అప్పుడు పిస్టన్‌ని తోయడం ఉండదు, సమ్మెట పెట్టి కొట్టినట్టే ఉంటుంది. బయటికి "టిక్ టిక్ టిక్" మని, డబ్బాలో చిన్న బోల్టులు వేసి ఊపినట్టు వినిపిస్తుంది. దాన్నే మేం మెకానిక్కులం నాకింగ్ అంటాం. అలా వదిలేస్తే పిస్టన్ అంచులు తినేస్తుంది, రింగులు విరుగుతాయి.

తొందరపడి తనంతట తాను అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు తాళుకోగలదో చెప్పే అంకె ఆక్టేన్. అంతే. అందులో ఎంత శక్తి ఉందో చెప్పే అంకె కాదు. తలుపుకి ఇంకో తాళం వేసినంత మాత్రాన బీరువాలో బంగారం పెరగదు కదా, ఇదీ అంతే.

ఆ అంకె ఎలా పుట్టిందో చెబితే నీ అనుమానం పూర్తిగా తీరుతుంది. 1926 ప్రాంతంలో అమెరికాలో ఎథిల్ కార్పొరేషన్‌లో పనిచేసే గ్రాహం ఎడ్గర్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు ద్రవాలు తీసుకున్నాడు. ఒకటి ఐసో ఆక్టేన్, అంత తేలిగ్గా నాకింగ్ చేయదు, దానికి 100 మార్కులు. రెండోది హెప్టేన్, ముట్టుకుంటే నాకింగే, దానికి 0. ఆ రోజుల్లో ఆ హెప్టేన్‌ని కాలిఫోర్నియా కొండల్లో పెరిగే జెఫ్రీ పైన్ అనే చెట్టు జిగురు నుంచి తీసేవాళ్లు. ఒక్క సిలిండరు ఉన్న ప్రత్యేకమైన పరీక్ష ఇంజన్‌లో మన పెట్రోలు పోసి నడుపుతారు. నడుస్తుండగానే దాని కంప్రెషన్ పెంచడానికీ తగ్గించడానికీ వీలుంటుంది. 91 పాళ్లు ఐసో ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపిన ద్రవం ఎలా నాకింగ్ చేస్తుందో మన పెట్రోలూ అలాగే చేస్తే, అది 91 ఆక్టేన్ పెట్రోలు.

తమాషా ఏమిటంటే, ఆ రెండు ద్రవాల్నీ తగలేసి వేడి కొలిస్తే కిలోకి ఇంచుమించు ఒకటే వస్తుంది. ఇంకా చెప్పాలంటే సున్నా మార్కులవాడిదే వెంట్రుకవాసి ఎక్కువ. డీజిల్ సంగతి చూడు. ఆక్టేన్ లెక్కలో కొలిస్తే డీజిల్ పూర్తిగా ఫెయిలు. అయినా లీటరుకి పెట్రోలు కన్నా ఎక్కువ శక్తి ఉన్నది దానిలోనే, మైలేజీ ఎక్కువ ఇచ్చేదీ డీజిల్ బండే. తనంతట తాను అంటుకోవడమే డీజిల్ ఇంజన్‌కి కావాలి గనక ఆక్టేన్‌తో దానికి పని లేదు. ఆక్టేన్ పెరిగితే మైలేజీ పెరుగుతుందనే మాటే నిజమైతే, డీజిల్ బళ్లు దేశంలో తిరక్కూడదు.

మరి ఆక్టేన్‌కీ మైలేజీకీ అసలు సంబంధమే లేదా అంటే, ఉంది. అది బంకులో ఉండదు, ఇంజన్ గీసేవాళ్ల బల్ల మీద ఉంటుంది. మిశ్రమాన్ని ఎంత గట్టిగా నొక్కి కాలిస్తే అదే పెట్రోలు నుంచి అంత ఎక్కువ పని రాబట్టొచ్చు. నేను పని నేర్చుకునే రోజుల్లో అంబాసిడర్లు, ఫియట్లు మిశ్రమాన్ని ఏడెనిమిదో వంతుకు మించి నొక్కేవి కావు. అప్పటి పెట్రోలు అంతకంటే తాళేది కాదు గనక. ఇప్పటి చిన్న కార్లు పదకొండో వంతుకీ, పన్నెండో వంతుకీ నొక్కుతున్నాయి. నీ బండి అప్పటి కార్ల కన్నా తక్కువ తాగడంలో దీని వంతూ ఉంది. కానీ ఆ లాభం ఇంజన్ పోత పోసిన రోజునే నీ చేతికి వచ్చేసింది. ఇప్పుడు నువ్వు 91కి తయారైన ఇంజన్‌లో 95 పోస్తే అది ఇంకొంచెం గట్టిగా నొక్కదు. పిస్టన్ ఎక్కడిదాకా లేస్తుందో అక్కడిదాకే లేస్తుంది.

ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే పాత బళ్లకి ఈ లెక్కంతా చేత్తోనే చేసేవాళ్లం. డిస్ట్రిబ్యూటర్ అని ఒక గుండ్రటి డబ్బా ఉండేది, లోపల సీబీ పాయింట్లు. దాని క్లాంపు నట్టు కాస్త వదులు చేసి, డబ్బాని వేళ్లతో పట్టుకుని ఇంత అటు తిప్పితే నిప్పురవ్వ ముందు పడేది, ఇటు తిప్పితే వెనక పడేది. ముందు పడితే పికప్ బాగుంటుంది, మైలేజీ వస్తుంది. మరీ ముందుకు జరిపితే నాకింగ్. అందుకని నట్టు బిగించి, బండిలో నలుగుర్ని ఎక్కించుకుని దుర్గమ్మ కొండ ఘాట్ రోడ్డు మీదికి పోయేవాళ్లం. పై గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. ఇంజన్ ఏడుస్తూ ఎక్కుతుంటే చెవి రిక్కించి వినాలి. ఒకటి రెండు సార్లు "టిక్ టిక్" మని ఆగిపోతే సరైన చోట ఉన్నట్టు. అదే పనిగా కొట్టుకుంటే కిందికొచ్చి వెంట్రుకవాసి వెనక్కి తిప్పేవాళ్లం. టైమింగ్ లైట్లు ఉండేవి గానీ, బంకు మారితే పెట్రోలు మారిపోయే కాలంలో లైటు కన్నా చెవినే నమ్మేవాళ్లం. పెట్రోల్లో కిరసనాయిలు కలిసిందంటే ఆ చప్పుడులోనే తెలిసిపోయేది. కిరసనాయిలుకి తాళే గుణం బాగా తక్కువ. ఓనరు వచ్చి "నిన్ననే కదయ్యా ట్యూనింగ్ చేశావు" అని మా మీద విరుచుకుపడితే, ముందు ఏ బంకులో కొట్టించారని అడిగేవాళ్లం.

ఇప్పుడు నీ బండిలో ఆ చెవి ఇంజన్‌కే ఉంది. ఇంజన్ బ్లాకుకి రూపాయి బిళ్లకి కాస్త పెద్దగా ఒక నాక్ సెన్సర్ బిగించి ఉంటుంది. లోపల ఒక స్ఫటికం ముక్క. నాకింగ్ అదురు తగిలితే దాన్నుంచి చిన్న కరెంటు పుడుతుంది. అది చూసి కంప్యూటర్ ఆ సిలిండరుకి నిప్పురవ్వని రెండు మూడు డిగ్రీలు వెనక్కి జరుపుతుంది. చప్పుడు ఆగిపోయాక మెల్లగా మళ్లీ ముందుకు తెస్తుంది. నువ్వు పాటలు వింటూ తోలుతుంటే ఇదంతా నీకు తెలియకుండానే జరుగుతుంది.

చాలామంది తికమకపడేది ఇక్కడే. నిప్పురవ్వ వెనక్కి జరిగితే మైలేజీ తగ్గుతుందన్న మాట నిజం. అందుకని తక్కువ ఆక్టేన్ పోస్తే నష్టం ఉంటుంది. దాన్ని తిరగేసి, ఎక్కువ ఆక్టేన్ పోస్తే లాభం ఉంటుందనుకుంటారు. కానీ నీ ఇంజన్ 91తోనే నాకింగ్ లేకుండా, కంపెనీ పెట్టిన సరైన టైమింగులోనే నడుస్తోంది. కంప్యూటర్ వెనక్కి జరిపింది ఏమీ లేనప్పుడు, 95 పోస్తే అది ముందుకు తెచ్చేది మాత్రం ఏముంటుంది? నీ బండి పుస్తకంలో ఇంధనం అన్న పేజీ తియ్యి. 91 ఆక్టేన్ లేదా అంతకు పైన అని ఉంటుంది. "పైన" అంటే పోసినా పాడవదని. పొయ్యమని కాదు.

ఇంతకీ అసలు విచిత్రం నీకు చెప్పనే లేదు. 2020 ఏప్రిల్‌లో మన దేశమంతా వచ్చిన బీఎస్-6 నిబంధనల ప్రకారం మామూలు పెట్రోలుకి కనీసం 91 ఉండాలి. ఆ తరవాత ఎథనాల్ కలపడం పెంచుకుంటూ పోయి 2025లో 20 శాతానికి తెచ్చారు. బంకుల్లో ఈ20 అంటున్నది అదే. ఎథనాల్ ఆక్టేన్ 108 దాటి ఉంటుంది. అది అయిదో వంతు కలిసేసరికి మామూలు పెట్రోలే 95కి చేరిందని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో స్వయంగా ప్రకటించింది. అంటే నువ్వు ఎనిమిది రూపాయలు ఎదురిచ్చి కొనుక్కున్న ఆ అంకె, పక్క గన్నులో వచ్చే మామూలు పెట్రోల్లోనూ ఇంచుమించు ఉన్నదే. చేతి చమురు వదలడం అంటే ఇదే కదా!

ఆక్టేన్ పెరిగింది కదా, మరి మైలేజీ పెరిగిందా? లేదు, తగ్గింది. లీటరు పెట్రోలు కాలిస్తే దాదాపు 32 మెగాజౌళ్ల వేడి వస్తుంది. లీటరు ఎథనాల్‌లో 21కి మించి రాదు. ఎనిమిది పాళ్లు ఇది, రెండు పాళ్లు అది కలిపి లెక్క వెయ్యి. లీటరుకి 30 కన్నా కొంచెం తక్కువ తేలుతుంది. అంటే ఏడు శాతం దాకా శక్తి తక్కువ. నీతి ఆయోగ్ నిపుణుల సంఘం 2021లో ఇచ్చిన నివేదికలోనూ ఇంచుమించు ఇదే ఉంది. ఎథనాల్ లేని పెట్రోలు కోసం తయారై 10 శాతానికి సర్దిన కార్లలో 6-7 శాతం, 10 శాతానికి తయారై 20కి సర్దిన కార్లలో 1-2 శాతం మైలేజీ తగ్గుతుందని రాశారు. మీ నాన్న పాత కారు మునుపటంత ఇవ్వడం లేదని విసుక్కుంటున్నాడుగా, కారణం చాలావరకు ఇదే కావచ్చు. ఒకే పెట్రోలు, ఆక్టేన్ పెరిగింది, మైలేజీ తగ్గింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. నీ స్నేహితుడెవరో 100 ఆక్టేన్ కొట్టిస్తే బండి ఎగిరిపోయిందని చెప్పాడని రాశావు. అతను అబద్ధమాడాడని నేననను. ఎక్స్‌పీ100 అనే ఆ 100 ఆక్టేన్ పెట్రోలు ఎథనాల్ కలపనిదిగా పేరు పడింది. ఎథనాల్ లేకపోతే లీటరులో శక్తి ఆ మేరకు ఎక్కువ ఉంటుంది, మైలేజీ నాలుగైదు శాతం పెరిగినట్టు కనిపించినా ఆశ్చర్యం లేదు. అతనికి అది ఇచ్చింది 100 అనే అంకె మాత్రం కాదు. ఖర్చు సంగతా, 2020 డిసెంబరులో ఢిల్లీలో విడుదల చేసిన రోజునే దాని ధర లీటరు 160. నాలుగు శాతం కోసం అంత ఎదురు పెట్టేవాళ్లకి మైలేజీ గురించి బెంగ ఉండదులే.

అలాగని ఎక్కువ ఆక్టేన్ దండగమారిదని నువ్వు అందరికీ చెప్పుకు తిరగొద్దు. కావలసిన బళ్లు ఉన్నాయి. టర్బో ఉన్న ఇంజన్లలో గాలిని ముందే నొక్కి లోపలికి పంపుతారు, అక్కడ నాకింగ్ భయం ఎక్కువ. కొన్ని కంపెనీలు టైమింగును 95కి సరిపడా ముందుకు పెట్టి, 91 పోస్తే సర్దుకునేలా తయారుచేస్తాయి. అలాంటి బండికి మంచి పెట్రోలు పోస్తే పికప్పూ వస్తుంది, మైలేజీ కూడా కాస్త వస్తుంది. లక్ష దాటి తిరిగిన పాత ఇంజన్ల సంగతి వేరు. పిస్టన్ తల మీద మసి పేరుకుని నొక్కే చోటు ఇరుకవుతుంది, ఆ మసి నిప్పులా కాగి ఉంటుంది. నడి వేసవిలో నిండా లగేజీ, ఏసీ, ఎత్తు మీదికి ఎక్కడం, అప్పుడు "టిక్ టిక్" వినిపిస్తే కాస్త పై రకం కొట్టించి చూడమని నేనే చెబుతాను. ప్రీమియం పెట్రోల్లో ఇంజెక్టర్లు శుభ్రం చేసే మందులు కూడా కలుపుతారు. అవి మంచివే. అది ఆక్టేన్ గొప్ప కాదు, సబ్బు గొప్ప.

మీ అక్క డల్లాస్‌లో 87 కొట్టిస్తుంది, మనకి 91, అంటే అమెరికా వాళ్ల కన్నా మన పెట్రోలే గొప్పదా అని నవ్వావు. కొలబద్ద వేరమ్మా. ఆక్టేన్‌ని రెండు రకాల పరీక్షలతో కొలుస్తారు. ఒకటి కాస్త తేలికైనది, రెండోది వేడి మీద, ఎక్కువ స్పీడు మీద చేసేది. మనం మొదటి పరీక్ష అంకె రాసుకుంటాం. వాళ్లు రెండింటి సగటు రాస్తారు. వాళ్ల 87 దాదాపు మన 91తో సమానం. అక్కడా నీలాంటి వాళ్లే. 87 చాలే బళ్లలో ప్రీమియం పోసి, ఒక్క ఏడాదిలో 210 కోట్ల డాలర్లు వృథా చేశారని అక్కడి ఆటోమొబైల్ అసోసియేషన్ 2016లో లెక్క తీసింది. మరుసటి ఏడు వాళ్లే, ప్రీమియం "పోస్తే మంచిది" అని కంపెనీలు రాసిన బళ్లని తీసుకుని పరీక్షించారు. సగటున 2.7 శాతం మైలేజీ పెరిగింది. ఒక పెద్ద క్యాడిలాక్‌కి ఏడు శాతం పెరిగింది, ఒక ఆడీకి ఒక శాతం తగ్గింది కూడా. పోస్తే మంచిదన్న బళ్లకే ఇంత. అక్కర్లేదన్న నీ బండికి ఎంతొస్తుందో నువ్వే ఊహించుకో.

ఇప్పుడు నీ డబ్బు లెక్క. మామూలుది 107 చిల్లర, నువ్వు పోయించినది 115 చిల్లర. 14 ఇచ్చే బండి 15 ఇస్తే గానీ ఆ ఎదురు పెట్టినది తిరిగి రాదు, లాభం సంగతి ఆ తరవాత. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి దగ్గర దగ్గర ఏడు వేలు. దాంతో ఒక సర్వీసింగ్ అయిపోతుంది.

నువ్వు మొండిదానివి, నీ అంతట నువ్వు తేల్చుకుంటే గానీ ఊరుకోవు. అది నాకు నచ్చే గుణమే. అయితే సరిగ్గా కొలువు. డిస్‌ప్లే అంకెని పక్కన పెట్టు, అది ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి వేసే అంచనా. ఒకే బంకు, వీలైతే ఒకే గన్ను పెట్టుకో. ఆటో కట్ అయ్యేదాకా కొట్టించు, ఆ తరవాత ఇంకో చుక్క కూడా వద్దను. కుర్రాళ్లు రౌండ్ ఫిగర్ కోసం గన్ను ఎత్తి ఎత్తి కుక్కుతారు, అలా పైదాకా నింపితే ఆవిర్లు పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోలు పోయి కొత్త ఖర్చు తెస్తుంది. ట్రిప్ మీటర్ సున్నా చెయ్యి. ట్యాంకు ముప్పావు ఖాళీ అయ్యాక మళ్లీ అక్కడే ఆటో కట్ దాకా కొట్టించు. తిరిగిన కిలోమీటర్లని బిల్లులో ఉన్న లీటర్లతో భాగించు.

ఒక్క ట్యాంకుతో ఏదీ తేలదు. ఆటో కట్ ఒకసారి కాస్త ముందు పడుతుంది, ఒకసారి వెనక. లీటరు తేడా వచ్చిందంటే ముప్పై లీటర్లలో మూడు శాతం అక్కడే పోయింది. నువ్వు వెతుకుతున్న లాభం ఉంటే గింటే అంతకన్నా చిన్నది. పైగా ట్యాంకు అడుగున పాతది మిగిలే ఉంటుంది, మొదటి ట్యాంకు లెక్క కలగాపులగం. నాలుగైదు ట్యాంకులు మామూలుది, నాలుగైదు ట్యాంకులు ప్రీమియం, రెండూ అదే ఆఫీసు దారిలో, అదే కాలంలో. మేలో ఏసీ వేసుకుని ఒకటి, డిసెంబరులో అద్దాలు దించి ఇంకొకటి కొలిచి పోలిస్తే ఏ పెట్రోలూ గెలిచినట్టు కాదు. పెట్రోలు మీదే అనుమానం వస్తే, బంకులో అయిదు లీటర్ల కొలత పాత్ర పెట్టి చూపించమను, సాంద్రత ఎంతో అడుగు, ఫిల్టర్ పేపర్ అడుగు. అవి చూపించడం వాళ్ల విధి, నీ హక్కు. గొడవ పెట్టుకోనక్కర్లేదు, నిలబడి అడిగితే చాలు.

ఎనిమిది రూపాయలు మిగుల్చుకుని చెయ్యాల్సింది ఇంకోటుంది. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద టైర్ల గాలి ఎంతో రాసిన స్టిక్కర్ కనిపిస్తుంది. మొన్న నువ్వు వెళ్లేటప్పుడు చూశాను, వెనక టైర్లు రెండూ కొంచెం కూర్చున్నట్టున్నాయి. నాలుగు టైర్ల సగటు గాలి ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. అయిదు తగ్గితే ఒక శాతం. ఆక్టేన్ నుంచి నీకు రాని శాతం ఇక్కడ ఊరికే వస్తుంది, టైరు కూడా నాలుగు కాలాలు ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందని సర్వీస్ సెంటర్‌లో అంటే మాత్రం తొందరపడకు. ఇంజెక్షన్ బళ్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గుతుంది గానీ మైలేజీ పెద్దగా మారదు. కార్బురేటర్ల కాలం నాటి మాట ఇంకా నడుస్తోంది.

మీ ఇంటి చిన్నాడు టర్బో బండి బుక్ చేస్తానంటున్నాడని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. షోరూములో టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు పెట్రోలు మూత తెరిచి లోపలి స్టిక్కర్ ఫోటో, పుస్తకంలో ఇంధనం పేజీ ఫోటో తీసి నాకు పంపమను. 95 తప్పనిసరి అని ఉందో, పోస్తే మంచిదని ఉందో చూసి చెబుతాను. సేల్స్ కుర్రాడి మాట నాకు వద్దు, ఆ రెండు ఫోటోలు చాలు.

ఇట్లు,
పెదనాన్న.

తా.క.: తెల్లవారుజామున కొట్టిస్తే చల్లగా ఉండి పెట్రోలు ఎక్కువ వస్తుందట కదా అని చివర్న అడిగావు. పది డిగ్రీల తేడాకి పెట్రోలు ఒక శాతం వ్యాకోచించే మాట నిజమే. కానీ బంకులో పెట్రోలు ఉండేది భూమి లోపలి ట్యాంకులో. అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడి పెద్దగా మారదు. నిద్ర చెడగొట్టుకోకు.